తగరపువలసలో ఆకుపచ్చ పియానో

విశాఖపట్నం నుంచి తిరిగొచ్చిన దగ్గర్నుంచీ మా వీధిలో కనిపించిన ప్రతివాడూ అవే ప్రశ్నలు వేస్తున్నాడు. ఓడ ఎక్కావా? ఉక్కు ఫ్యాక్టరీ ఎంతవరకు వచ్చింది? సింహాచలం కొండెక్కావా? ఓడ ఎక్కలేదు. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న వైపు వెళ్ళనే లేదు. కొండ బస్సు కిటికీలోంచి కనిపిస్తే అక్కణ్ణించే దండం పెట్టాను. మరి ఇన్నాళ్ళూ ఏం చేశావయ్యా అంటే, ఒక చింతపండు వ్యాపారి ఇంట్లో నేల మీద చతికిలబడి ఆకుపచ్చ రంగు గీకి వచ్చాను. ఈ జవాబు విన్నవాళ్ళు మా ఆవిడ వైపు జాలిగా చూసి వెళ్ళిపోతున్నారు. అడిగిన ప్రతివాడికీ మొదటి నుంచి చెప్పే ఓపిక లేక, జరిగింది జరిగినట్టు ఒకసారి రాసి పడేద్దామని కూర్చున్నాను.

నా గొప్పలు

నేను రాజమండ్రిలో చెక్క సామానుకి పాలిష్ పెడతాను. బీరువాలు, కుర్చీలు, పెళ్ళిళ్ళ రోజుల్లో పందిరిమంచాలు, ఎప్పుడైనా ఒక హార్మోనియం. పని చెడగొట్టను. నా చిక్కంతా నోటితోనే. కుర్రతనంలో మద్రాసులో ఒక వాయిద్యాల దుకాణంలో కొన్నాళ్ళు పని నేర్చుకున్నాను. దొరల ఇళ్ళ నుంచి పాత పియానోలు అక్కడికి బాగుకి వచ్చేవి. మా ఊళ్ళో నేను ఈ సంగతి ఎత్తినప్పుడల్లా "పియానోలకి పాలిష్ పెట్టిన చెయ్యి ఇది" అని చెయ్యి చాపి చూపిస్తాను. నిజానికి మా మేస్త్రి నన్ను ముందువైపు తాకనివ్వలేదు. వెనక చెక్కలూ, లోపలి పలకలూ, ఎవరి కంటా పడని మూలలూ నా వాటా. ఆ మూలలు మాత్రం నా అంత శుభ్రంగా ఎవడూ తుడవలేడని ఆయన ఒకసారి అన్నాడు. ఆ ఒక్క మెచ్చుకోలు మీద ఇన్నేళ్ళు లాక్కొచ్చాను.

మా అక్క కొడుకు వెంకట్రాజుకి విశాఖపట్నం పోర్టులో ఉద్యోగం. సీతమ్మధారలో సత్యవతమ్మగారని ఒక పంతులమ్మ ఇంట్లో వెనక వాటాలో అద్దెకుంటాడు. పాత పియానో మీద రంగులు తీసి, అడుగున అసలు పాలిష్ ఏమిటో చెప్పగలిగే మనిషి ఎవరైనా ఉన్నారా అని ఆవిడ అడిగిందట. వీడు వెనకా ముందూ చూడకుండా మా మావయ్య ఉన్నాడండీ అన్నాడట. ఆ నోరు వాడికి మా వైపు నుంచే వచ్చింది. కబురు రాగానే మా ఆవిడ "మీకు వచ్చా?" అని ఒక్క మాట అడిగింది. మంచమైతేనేం, పియానో అయితేనేం, చెక్క చెక్కే కదా అని కొట్టిపారేసి రైలెక్కాను.

స్టేషను బయట

బయటికి రాగానే ఒక రిక్షా అతను నా సంచీ అందుకుని, "ఏటి బావా, ఎక్కడికెల్లాల?" అన్నాడు. మా గోదావరి వైపు ముక్కూ మొహం తెలియనివాణ్ణి "అండీ" అనకుండా పలకరిస్తే తగువులైపోతాయి. నేనెప్పుడు ఇతనికి బావనయ్యానని మొహం గంటు పెట్టుకుని కూర్చున్నాను. దారిలో చూస్తే, అడ్డొచ్చిన లారీ డ్రైవరూ అతనికి బావే, ఆపిన పోలీసూ బావే. సీతమ్మధార మలుపు తిరిగేసరికి నేనే "బావా, కొంచెం నెమ్మది" అంటున్నాను. దిగాక బేరమాడడానికి మొహమాటమేసింది. అడిగినంతా ఇచ్చి, పైన టీ కూడా తాగించాను. టీ మాత్రం మా ఊరి కంటే చిక్కగా ఉంది.

సీతమ్మధార

సత్యవతమ్మగారు గుమ్మంలో ఎదురొచ్చి, అంతలోనే రెండడుగులు వెనక్కి వేసింది. రైల్లో నా సంచీలో స్పిరిట్ సీసా మూత వదులైంది. పంచె, చొక్కా, వాళ్ళకోసం తెచ్చిన పూతరేకుల పొట్లం, అన్నీ అందులో తడిశాయి. పొద్దున్నే ఆ వాసనతో గుమ్మంలో నిలబడ్డవాణ్ణి చూసి ఏ ఇల్లాలైనా ఏమనుకుంటుందో ఆవిడా అదే అనుకుంది. నా తరఫున చెప్పాల్సిన వెంకట్రాజు రాత్రి షిఫ్టు చేసొచ్చి వెనక వాటాలో గుర్రు పెడుతున్నాడు. నేనున్నన్నాళ్ళూ వాడు మెలకువగా కనిపించింది తక్కువ. అప్పుడు వరండా కుర్చీలో ఉన్న ఒక ముసలాయన గాలి పీల్చి, "తాగుడు కాదమ్మీ, పాలీసోడు" అన్నాడు.

ఆయన ఆవిడ తండ్రి, సన్యాసయ్య. ఎనభైకి దగ్గర పడ్డా చొక్కాకి మెడ దాకా గుండీలు, ఇస్త్రీ నలగదు. తెల్లదొరల కాలంలో పోర్టు ఇంజనీరు దొర ఇంట్లో బట్లరుగా చేశాడట. నా సంచీలోని లక్క పెచ్చులు తీసి వెలుగులో పెట్టి చూసి, పరవాలేదన్నట్టు తలాడించాడు. పరీక్ష పాసైనంత సంబరపడ్డాను.

అసలు సంగతి సత్యవతమ్మగారు భోజనాల దగ్గర చెప్పింది. యుద్ధంలో విశాఖపట్నం మీద బాంబులు పడ్డప్పుడు ఊరు ఊరంతా ఖాళీ అయింది. దొర కుటుంబం కూడా వెళ్ళిపోతూ, దొరసాని ముచ్చటపడి వాయించుకునే పియానో జాగ్రత్త అని సన్యాసయ్యకి అప్పగించింది. ఈయన దాన్ని ఎడ్లబండి మీద బొంతలు కప్పి తగరపువలస తీసుకెళ్ళి, తెలిసిన వర్తకుడి ఇంట్లో దాచాడు. భయాలు తగ్గి దొర తిరిగొచ్చేసరికి ఆ వర్తకుడు ఇంటికి తాళం వేసి ఎక్కడికో వెళ్ళి అక్కడే చనిపోయాడు. తాళం తీసి లోపల చూపించేవాళ్ళే లేకపోయారు. ఈలోపు బీచి రోడ్డులో ఒక హోటల్లో నల్లరంగు వేసిన పియానో ఒకటి కనబడింది. ఇంకేముంది, అదే ఇది, బట్లరు అమ్ముకుని తాగేశాడు అన్నారు. దొర నమ్మాడు, ఊరు నమ్మింది, సన్యాసయ్య భార్య కూడా నమ్మింది. ఆవిడ పోయేదాకా ఆ మాట ఎత్తి దెప్పుతూనే ఉందట. మళ్ళీ ఏ పెద్ద ఇంటివాళ్ళూ ఆయన్ని పనిలో పెట్టుకోలేదు.

ఈమధ్య సత్యవతమ్మగారు తగరపువలసలో ఒక పెళ్ళికి వెళ్తే, పక్కింటి సామాను గదిలో ఆకుపచ్చ రంగు పెట్టె ఒకటి కనబడింది. మూత ఎత్తితే పియానో. ఆ వర్తకుడి ఇల్లు అదేనా అంటే, వీధులన్నీ మారిపోయి ఎవరూ చెప్పలేకపోయారు. దొర పియానోకి నల్లరంగు గానీ ఆకుపచ్చ రంగు గానీ ఎప్పుడూ లేదు. ఎర్రగా, మొహం చూసుకునేలా లక్క పాలిష్ ఉండేదని పెద్దాయన మాట.

ఆయన పెరట్లోకి వెళ్ళగానే ఆవిడ గొంతు తగ్గించింది. "నాన్న బతికుండగా నాకు నిజం తెలియాలి అన్నయ్యగారూ. అది దొరదైతే నాన్న చెప్పిందే నిజం. కాకపోతే ఊరన్నదే నిజం. ఆయన మనసు కోసమని అబద్ధం మాత్రం చెప్పకండి" అంది. నేను గుండె మీద చెయ్యి వేసుకుని మాటిచ్చాను.

ఆ మధ్యాహ్నం ఊరికే కూర్చుంటే ఎవరికి తెలుస్తుంది నా పనితనం? వెంకట్రాజు నిద్రపోతున్న మంచానికే తలవైపు పలక మీద లక్క రుద్దాను. మెరుపు చూసి నాకే ముద్దొచ్చింది. సాయంత్రానికి సముద్రపు గాలి తగిలి పలకంతా తెల్లబడింది. తడిగాలికి లక్క తెల్లబడుతుందని తెలుసు, మా ఊళ్ళో వానాకాలం చూసిందే. మబ్బు తునక లేని ఎండాకాలంలో కూడా ఇక్కడి గాలి ఆ పని చేస్తుందని తెలియదు. సన్యాసయ్య వచ్చి వేలితో తాకి చూసి, "ఇందల మజ్జిగెందుకు కలిపినావు బాబూ?" అన్నాడు. మర్నాడు పొద్దున్నే, గాలి తిరగకముందు, స్పిరిట్‌లో తడిపిన గుడ్డముద్దతో మళ్ళీ రుద్దితే గానీ తేటపడలేదు. ఆ తర్వాత ఆ ప్రాంతంలో ఉన్నన్నాళ్ళూ పాలిష్ పని ఉదయమే ముగించాను.

జాలరిపేట

మర్నాడు పెద్దాయన నన్ను చేపలకి తీసుకెళ్ళాడు. ఒడ్డు మీద నాటుపడవలు లాగి పెట్టి ఉన్నాయి, ఆడవాళ్ళు తట్టలు ముందేసుకుని కూర్చున్నారు. మా గోదావరి చేప తప్ప చేపే కాదనే మనిషిని నేను. ఆ పులసకి ఏది సాటి అని మొదలుపెడితే ఒక ముసలమ్మ నా వైపు చూసి, మరి గోదారికే పోయి కొనుక్కోమని చెప్పి తట్ట అటు తిప్పేసింది. సన్యాసయ్య మాత్రం దొర బల్ల మీదికి ఎంచినట్టే మొప్పలెత్తి, కన్ను చూసి, నొక్కి చూసి రెండు వంజరాలు ఏరాడు.

డబ్బులు తీసుకుంటూ ఒకామె అలవాటుగా అడిగినట్టు, "ఏటి పియానా తాతా, నీ పియానా దొరికినాదా?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. కొత్తచోట కదా, నలుగురితో పాటు నేనూ నవ్వాను. పెద్దాయన చిల్లర లెక్క చూసుకుని నడక మొదలుపెట్టాడు. నేను వెనకాల పరుగెడుతుంటే అల ఒకటి వచ్చి నా కుడికాలి చెప్పు పట్టుకుపోయింది. ఒంటిచెప్పుతో కుంటుకుంటూ ఆయన్ని అందుకున్నాను.

"నువ్వూ నవ్వినావు" అన్నాడు, కోపం లేకుండానే.

కాలికి మిగిలిన ఆ ఒక్క చెప్పూ విప్పి చేత పట్టుకున్నాను.

"నవ్వుకో బాబూ. మొదట్లో నానూ నవ్వీవోణ్ణి. నవ్వీత్తే మర్సిపోతారనుకున్నాను."

దారంతా నాకు సిగ్గేసింది. అది చూస్తే మీరు గుర్తుపట్టగలరా అని ఇంటి దగ్గర అడిగాను. తెలుస్తుందన్నాడు. ఎలాగండీ అంటే రంగు తీశాక కబురు పెట్టమన్నాడు, అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు.

తగరపువలస

చెప్పు పోయింది గనక వెంకట్రాజు బూట్లు తొడుక్కుని బస్సెక్కాను. వాడి కాలు నా కాలుకి ఒకటిన్నర ఉంటుంది. తగరపువలస సంతలో ఆ బూట్ల చప్పుడుకి జనం పక్కకి తప్పుకుని దారిచ్చారు. ఎవరో సర్కారు ఆఫీసరు వస్తున్నాడనుకున్నారని తర్వాత తెలిసింది.

ఇంటాయన పైడిరాజు, చింతపండు వ్యాపారి. ఏజెన్సీ కొండల నుంచి బండ్ల మీద వచ్చిన సరుకు బుట్టలకెత్తి అమ్ముతాడు. ఇల్లు కొన్నప్పుడే ఈ పెట్టె లోపలుందట. బయటికి తీద్దామంటే, మధ్యలో ఎవరో చిన్నది చేయించిన తలుపులో పట్టలేదు. సరే ఉండనీ అని దాని మీద బుట్టలు పేర్చాడు. ఉప్పుగాలికి చెక్క పాడవుతుందని, కిటికీలకి రంగు వేయించినప్పుడల్లా డబ్బాలో మిగిలింది దీనికీ పూయించాడు. మంచిమనసుతో చేసిన పనే. మా మద్రాసు మేస్త్రి చూసి ఉంటే అక్కడికక్కడే పడిపోయేవాడు.

వాళ్ళింట్లోనే నాకు బస. ఆయన భార్య రమణమ్మ పొద్దున్నే చోడి అంబలి, అదే రాగిజావ, ఇచ్చేది. మా ఇంట్లో అది జ్వరం వచ్చినవాళ్ళకి కూడా పెట్టరు. మొదటి రోజు మొహమాటానికి తాగాను, రెండో రోజు రెండో గ్లాసు అడిగాను. కూరల్లో ఆవ ఎంత పెట్టేదంటే మొదటి ముద్దకే నా ముక్కూ కళ్ళూ ఏకమయ్యేవి. బెల్లం వేసిన మా పులుసుల గురించి చెప్తే ఆవిడ, "పులుసులో బెల్లమేటండీ, పాయసమేటి?" అని పడీ పడీ నవ్వింది.

పని సంగతికి వస్తాను. చెక్క మీద పాత పాలిష్ ఏదో కనిపెట్టడం పెద్ద బ్రహ్మవిద్య కాదు. కనబడని మూల ఒకటి ఎంచుకుని దూదితో తుడవాలి. టర్పెంటైన్‌కి వచ్చేస్తే మైనం. స్పిరిట్‌కి మెత్తబడి వేలికి అంటుకుంటే లక్క. థిన్నర్‌కి కరిగితే ఈ కాలపు పిచికారీ పాలిష్. దేనికీ చలించకపోతే నూనె వార్నిష్. ఆ దారికి రాకముందు కిటికీ రంగు దిగాలి. గాజుపెంకు అంచుతో, విసుగు లేకుండా, పలక పలకా గీకాను. ఒక పొర ఆకుపచ్చ, దాని కింద ఇంకో ఆకుపచ్చ, దాని కింద ముదురాకుపచ్చ. పైడిరాజు ఇంట్లో ఎన్ని శుభకార్యాలు జరిగాయో నా వేళ్ళకి తెలిసిపోయింది. ఆకుపచ్చ పొడి నా జుట్టులో, మీసంలో, ముక్కులో చేరింది. వీధిలోకి వెళ్తే పిల్లలు చిలకమావయ్య అని పిలిచారు.

చివరికి అడుగున ఎర్రటి చెక్క కనబడింది. పల్చగా అతికించిన జిట్రేగి పొర. దాని మీద చింతపండు పులుపు తిన్నచోట మచ్చలున్నా, మిగతాచోట మెరుపు ఇంకా ఉంది. స్పిరిట్ దూది పెట్టాను. మెత్తబడింది, వేలికి జిగురుగా అంటుకుంది, దూదికి గోధుమరంగు వచ్చింది. లక్క. అదీ చేత్తో, పల్చటి పొరలుగా, ఓపికగా పెట్టిన లక్క. చంకలు గుద్దుకుంటూ సీతమ్మధారకి కబురు పంపాను.

సత్యవతమ్మగారు బడి వదలగానే బస్సెక్కి వచ్చింది. నేను చేతులూపుతూ అంతా వివరించాను. ఆవిడ ఓపికగా విని, "ఇలాంటి పాలిష్ ఆరోజుల్లో ఎన్ని పియానోలకి ఉండేదండీ?" అంది. చాలావాటికి ఉండేది. అప్పటి పియానోల్లో మూడొంతులు ఇలాంటివే. ఆ మాట చెప్పక తప్పలేదు. నేనిన్నాళ్ళు పడ్డ పాటుతో పెద్దాయన సంగతి ఒక్క అంగుళం కూడా తేలలేదు. ఆవిడ ఆదివారం నాన్నని తీసుకొస్తానని వెళ్ళిపోయింది.

ఎవరూ చూడని వైపు

పెద్దాయన వస్తున్నాడంటే నాకు భయం పట్టుకుంది. దొర ఇంట్లో పాలిష్ చూసిన కన్ను అది. మంచం పలక చూసి మజ్జిగ అన్న నోరు అది. ఈసారి వేలు పెట్టడానికి సందు ఉండకూడదనుకున్నాను. ముందంతా లక్క రుద్దాను, ఉదయం పూటే, గాలి తిరగకముందే. అద్దంలా వచ్చింది. అంతటితో ఆగి ఉంటే నేను నేనెందుకవుతాను?

నా వాటా పని ఉండనే ఉంది కదా, లోపలి వైపు. కాళ్ళ దగ్గర తొక్కుడు మీటల పైనుండే కిందిపలక ఊడదీశాను. దాని వెనకవైపు ఎలుకల మురికి, బూజు, చింతపండు తొనలు కలిసి తారులా నల్లగా గట్టిపడి ఉంది. కింద చెక్క ఉందో లేదో కూడా తెలియలేదు. స్పిరిట్ బాగా ఒలకబోసి, గుడ్డలు అయిపోతే నా భుజం మీది తువ్వాలుతోనే, పళ్ళ బిగువున తుడిచాను. చెక్క కొత్తదానిలా బయటపడింది. తువ్వాలుకి మాత్రం ఒకచోట పచ్చగా మరక పట్టింది. పాత లక్క కదా అనుకుని, కొత్త తువ్వాలు పాడయిందని తిట్టుకుని, పలక బిగించేశాను. ఆ రాత్రి సుఖంగా నిద్రపోయాను.

పెద్దాయన వచ్చాడు

ఆదివారం సన్యాసయ్య మెడ దాకా గుండీలు పెట్టుకుని బస్సు దిగాడు. సత్యవతమ్మగారు వెనకాల గొడుగు పట్టుకుని వచ్చింది. పైడిరాజు బుట్టలన్నీ పక్కకి లాగించి దారి చేశాడు. నేను ముహూర్తం తప్పిన పెళ్ళికొడుకులా మూల నిలబడ్డాను.

ఆయన నా మెరుపు వంక చూడను కూడా లేదు. మూత మీద ఒకసారి అరచెయ్యి పెట్టి, నెమ్మదిగా వంగి, కిందిపలక తియ్యమన్నాడు. నాకు లోపల సంబరం. లోపలిపని చూడమని అడిగినవాడు నా జన్మలో ఈయనొక్కడే. చకచకా ఊడదీసి, వెనక్కి తిప్పి పట్టుకున్నాను.

ఆయన చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. పలక మధ్యలో వేళ్ళతో తడిమాడు.

"ఇక్కడ తుడిసినావా?"

"అద్దంలా తుడిచాను బాబాయిగారూ, ఒక్క మరక ఉంటే నన్నడగండి" అన్నాను.

ఆయన చింతపండు బుట్ట అంచు పట్టుకుని కూర్చుండిపోయాడు. అప్పుడు చెప్పాడు. దసరాకి ఇంట్లో పనిముట్లన్నిటికీ బొట్టు పెట్టడం మన ఇళ్ళల్లో ఉన్నదే. దొర ఇంట్లో కూడా కత్తులకి, ఇస్త్రీపెట్టెకి, దీపాలకి ఆయనే పసుపు పెట్టేవాడు. పియానోకి మాత్రం పాలిష్ పాడవుతుందని దొరసాని ఒప్పుకోలేదు. ఇంట్లో అన్నిటికీ పెట్టి దానికి మానెయ్యడం ఈయనకి మనసొప్పలేదు. ఎవరికీ కనపడకుండా ఈ పలక వెనకాల, ఏటేటా అదేచోట, పసుపు ముద్ద రాసేవాడు. ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు. "సెప్పి సూపిత్తే, నానే ఎల్లి ఎట్టించినానంతారు. అడక్కుండా కనపడాల" అన్నాడు.

ఈ ముసలాయన అన్నేళ్ళు దాచుకున్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని, మెప్పు కోసం నేను చేజేతులా తుడిచేశాను. ఆయన మొహం చూడలేకపోయాను. ఇచ్చిన మాట ఎటుపోయిందో, నోరు దానంతటదే తెరుచుకుంది. బొట్టు ఉందనీ, నేను కళ్ళారా చూశాననీ, తెలియక తుడిచేశాననీ అనేశాను.

ఆయన తలెత్తాడు. "ఎన్ని?"

"మూడండీ."

"ఒకటే" అన్నాడు ఆయన.

"అబద్ధం వద్దని చెప్పాను కదా అన్నయ్యగారూ" అంది సత్యవతమ్మగారు. తల కొట్టేసినట్టయింది. ఇప్పుడు నేనిక నిజం చెప్పినా నమ్మేవాళ్ళు లేరు. చెమటలు కారిపోతుంటే భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాను. పెద్దాయన కోసం తాంబూలం కడుతున్న రమణమ్మ నా తువ్వాలు చూసి, "ఏటండీ అంత పసుపు?" అంది.

"పాత లక్కమ్మా" అనేసి, ఆగిపోయాను.

లక్క గోధుమరంగు ఇస్తుంది. ముందువైపు లక్క రుద్దుతూ చేతులు తుడుచుకున్న మరకలు అదే తువ్వాలు మీద గోధుమరంగులోనే ఉన్నాయి. ఇదొక్కటే పచ్చగా ఉంది. పసుపుకి శత్రువు వెలుతురు, అది సోకని చీకట్లో మూసి ఉన్న పసుపు ఎన్నాళ్ళైనా ఉంటుంది, స్పిరిట్ తగలగానే కరిగొస్తుంది. ఇన్నేళ్ళుగా స్పిరిట్‌తో బతుకుతున్నవాణ్ణి, ఆ మాత్రం తట్టలేదు. రమణమ్మ చేతిలోంచి సున్నం డబ్బీ తీసుకున్నాను. తువ్వాలు బల్ల మీద పరిచి, అందరూ చూస్తుండగా ముందు గోధుమరంగు మరక మీద తడిసున్నం రాశాను. మసకగా ఊదారంగు తిరిగింది. లక్కకి సున్నం తగిలితే అంతే. తర్వాత పచ్చటి మరక మీద రాశాను.

ఎర్రగా తిరిగింది. హారతినీళ్ళు కలిపే ప్రతి ఇల్లాలికీ తెలిసిన ఎరుపు.

పైడిరాజు దగ్గరికొచ్చి వంగి చూశాడు. రమణమ్మ పసుపేనంది. ఇది మీదే తాతా, గోడ పగలగొట్టించైనా పంపిస్తానన్నాడు పైడిరాజు. నాకెందుకది, నాకు వాయించడం వచ్చా అన్నాడు సన్యాసయ్య. ఆయన చూపు మాత్రం తువ్వాలు మీదే ఉంది.

సత్యవతమ్మగారు గొడుగు కింద పెట్టి, తండ్రి ముందు నేల మీద కూర్చుంది. ఇన్నాళ్ళూ నాతో పుస్తకాల తెలుగు మాట్లాడిన పంతులమ్మ గొంతు మారిపోయింది.

"నానూ నమ్మనేదు నానా. అమ్మలాగే నానూ. ఒక్కనాడూ నమ్మనేదు."

"తెలుసమ్మీ" అన్నాడు ఆయన.

ఆవిడ తలెత్తలేదు. ఆయన ఆవిడ తల మీద చెయ్యి పెట్టాడు.

"నమ్మినోడికి ఎవులైనా కూడెడతారు. దొంగనుకుంటానే ఇన్నేళ్ళూ నువ్వెట్టినావు."